తొలి హిమాలయ ట్రెక్: ఎవరితో, ఎంత ఎత్తుకు, ఏ నెలలో?

హిమాలయాల్లో నాలుగైదు రోజులు నడిచి రావాలనుకునే కర్నూలు, కడప జిల్లాల కొత్తవాళ్లకు సలహాలకు కొదవ లేదు. ఆ సలహాల మధ్య పొందికే లేదు. ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ ఎవరైనా ఎక్కగలిగే కొండ అని ఒకరంటారు. మంచు చూడనివాళ్లు డిసెంబరులో అక్కడికి పోవడం తెలివితక్కువ పని అని ఇంకొకరు వాదిస్తారు. పేరున్న సంస్థతోనే వెళ్లమని కొందరు, ఊళ్లో దొరికే గైడును కుదుర్చుకుంటే చాలని కొందరు చెబుతారు. తిరుమల మెట్లు ఆగకుండా ఎక్కేవాళ్లకు హిమాలయం ఓ లెక్కా అనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. కల్లూరు లాంటి చోట, సముద్రమట్టానికి 300 మీటర్లు కూడా మించని నేల మీద, 40 డిగ్రీలు దాటే ఎండలకు అలవాటుపడిన మనిషికి ఈ మాటల్లో ఏది ఎంతవరకు వర్తిస్తుందో విడదీసి చూడాల్సిన సమయం వచ్చింది.

ఇందులో మూడు ప్రశ్నలు చిక్కుపడి ఉన్నాయి. కాళ్లకు, ఊపిరితిత్తులకు ఎంత బలం కావాలన్నది ఒకటి. పలచని గాలిని ఒళ్లు ఎలా తట్టుకుంటుందన్నది రెండోది. వాతావరణం తిరగబడితే నిర్ణయం ఎవరు తీసుకుంటారన్నది మూడోది. వాదించేవాళ్లు ఒక ప్రశ్నకు వచ్చిన జవాబును ఇంకోదానికి అంటగట్టడం వల్లే గందరగోళం ఎక్కువైంది.

యాత్ర నుంచి ట్రెక్ దాకా

ఉత్తరాదికి తెలుగువాళ్ల ప్రయాణం చాలాకాలం పుణ్యం కోసమే సాగింది. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య కడప, అహోబిలం, శ్రీశైలం ప్రాంతాల మీదుగానే ముందుకు సాగాడు. ఆయన కాశీయాత్ర చరిత్రలో అడవిదారులు, బోయీలు, మజిలీలు అన్నీ ఉన్నాయి. కొండను కొండగా చూడటానికి నడిచే అలవాటు మాత్రం అప్పటికి లేదు. రాయలసీమకు దగ్గరగా ఉన్న నడక సంప్రదాయం శ్రీశైలం పాదయాత్ర. ఉగాది ముందు కర్ణాటక నుంచి వచ్చే భక్తులు కర్నూలు జిల్లా దాటి, ఆత్మకూరు, వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా నల్లమల అడవిలో నడిచి కైలాసద్వారం చేరతారు. మజిలీలు, దారిలో నీటి ఏర్పాటు, గుంపుగా కదలడం, కాళ్లు బొబ్బలెక్కినవాళ్లను వెంట తీసుకుపోవడం: ట్రెక్‌లో ఉండే చాలా సంగతులు ఆ నడకలో ముందునుంచీ ఉన్నాయి.

కొండ ఎక్కడాన్ని నేర్పే సంస్థలు స్వాతంత్ర్యం తర్వాత వచ్చాయి. టెన్సింగ్, హిల్లరీ ఎవరెస్టు ఎక్కిన మరుసటి ఏడాది, 1954లో, డార్జిలింగ్‌లో హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. 1965లో ఉత్తరకాశీలో నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ వచ్చింది. ఇవి పర్వతారోహకులను తయారుచేసే బడులు. సెలవుల్లో ఓ వారం నడిచి రావాలనుకునే సామాన్యుడికి తలుపు తీసింది 1949లో పుట్టిన యూత్ హాస్టల్స్ అసోసియేషన్. మే నెలలో హిమాచల్‌లోని కసోల్ బేస్ క్యాంపు నుంచి రోజుకో బృందాన్ని సర్ పాస్ వైపు పంపే దాని పద్ధతి దక్షిణాది విద్యార్థులకు, ఉపాధ్యాయులకు, బ్యాంకు ఉద్యోగులకు హిమాలయాన్ని అందుబాటులోకి తెచ్చింది. 2000 తర్వాత బెంగళూరు, డెహ్రాడూన్, ఢిల్లీ కేంద్రాలుగా ప్రైవేటు సంస్థలు పెరిగాయి. ఊరూపేరూ పెద్దగా తెలియని సాంక్రీ లాంటి గ్రామాలు శీతకాలపు రద్దీకి కేంద్రాలయ్యాయి.

తెలుగు నేల మీద ఉత్సాహం పెంచింది మాత్రం శిఖరాలే. నెల్లూరు జిల్లా గాంధీజనసంగానికి చెందిన మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడు. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ, పద్నాలుగేళ్లు నిండకుండానే, ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్‌తో కలిసి ఎవరెస్టు మీద నిలబడింది. గురుకుల పాఠశాల పిల్లలు భువనగిరి కోట బండ మీద మొదలుపెట్టి, డార్జిలింగ్ దాకా వెళ్లి శిక్షణ తీసుకుని సాధించిన గెలుపు అది. ఆ గెలుపులో జనానికి గుర్తున్నది శిఖరం. దాని వెనక అంచెలంచెలుగా సాగిన శిక్షణ అంతగా చర్చకు రాలేదు. కొత్తవాళ్ల ట్రెక్‌ల గురించిన మాటల్లో ఈ లోపం ఇప్పటికీ కనిపిస్తోంది: ఎంత ఎత్తు ఎక్కారన్నదే అడుగుతారు, ఎన్ని రోజుల్లో ఎక్కారని అడగరు.

ఎవరితో వెళ్లాలి: మూడు వాదాలు

మొదటి వాదం యూత్ హాస్టల్స్ తరహా. రుసుము తక్కువ, క్యాంపులు స్థిరంగా ఉంటాయి, బృందం పెద్దది. బేస్ క్యాంపులో మొదటి రోజుల్లో చిన్నపాటి నడకలు, బండ ఎక్కించడం, తాడుతో దించడం వంటివి చేయించి ఒళ్లు అలవాటు చేస్తారు. ఈ మొదటి రోజుల విలువ చాలామందికి తెలియదు; ట్రెక్ ఇంకా మొదలుకాలేదే అని విసుక్కుంటారు. బృంద నాయకుడిని వచ్చినవాళ్లలోంచే ఎన్నుకుంటారు, గైడు ఒక క్యాంపు నుంచి తర్వాతి క్యాంపు దాకా దారి చూపిస్తాడు. బలహీనత కూడా ఇందులోనే ఉంది. నలభై, యాభై మంది బరువులు మోస్తూ బారుగా సాగుతున్నప్పుడు వెనకబడ్డ ఒక్క మనిషి ముఖం పాలిపోయిందని గమనించేవాడు ఉండకపోవచ్చు. పైగా సర్ పాస్ 4,000 మీటర్లు దాటుతుంది. తొలి అడుగుకు అది తక్కువేమీ కాదు.

రెండోది ప్రైవేటు సంస్థల వాదం. ఖర్చు ఎక్కువైనా బృందం చిన్నది, ట్రెక్ లీడరు మొదటి నుంచి చివరి దాకా వెంట ఉంటాడు, ఆక్సీమీటరుతో రోజూ రక్తంలో ఆక్సిజన్ చూస్తాడు, ఆక్సిజన్ సిలిండరు, మందులు ఉంటాయి. బాధ్యతగల సంస్థలు ముందుగానే 5 కిలోమీటర్లు ఇంత సమయంలో పరుగెత్తి చూపించమని అడుగుతాయి. ఈ పద్ధతి మంచిదే. కాకపోతే అదే రంగంలో వారాంతపు ప్యాకేజీలు అమ్మే చిన్నాచితకా నిర్వాహకులూ ఉన్నారు. ప్రకటనలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఢిల్లీలో బస్సెక్కించి, రాత్రంతా ప్రయాణం చేయించి, తెల్లారి నడిపించి, మూడో రోజు శిఖరం మీద ఫొటో తీయించే పట్టికలు బజారులో చాలా ఉన్నాయి.

మూడో వాదం స్థానిక గైడుది. ఉత్తరాఖండ్‌లోని సాంక్రీలోనో, రైథల్‌లోనో, చోప్తా పక్క ఊళ్లలోనో ఒక గైడును, అవసరమైతే ఒక కంచరగాడిదను కుదుర్చుకోవడం. డబ్బు నేరుగా ఆ ఊరికి చేరుతుంది. నడక మన వేగంతో సాగుతుంది, కావాలంటే ఒక రోజు ఆగవచ్చు. ఆ కొండలో పుట్టి పెరిగినవాడికి మబ్బు చూసి చెప్పగలిగే తెలివి ఉంటుంది. కర్నూలు వాళ్లకు ఇందులో ఒక చిన్న సౌలభ్యం ఉంది: పాతబస్తీ ఉర్దూ చెవిన పడుతూ పెరిగినవాళ్లు గఢ్వాలీ గైడు హిందీతో ఇబ్బంది పడరు. లోటు ఏమిటంటే, చాలామంది గైడ్లకు దారి తెలిసినంతగా ప్రథమ చికిత్స తెలియదు. ఎవరికి తెలుసో, ఎవరికి తెలియదో కల్లూరు నుంచి ఫోనులో తేల్చుకోవడం కష్టం.

మూడింటినీ పక్కపక్కన పెడితే, గైడు ఉండాలా వద్దా అన్నది కొత్తవాళ్ల విషయంలో వివాదమే కాదు. పశ్చిమ బెంగాల్‌లో సందక్‌ఫూ దారి వెళ్లే సింగలీలా జాతీయ వనంలో గైడు తప్పనిసరి. తేడా అంతా గైడు పని ఏమిటన్న దగ్గర ఉంది. దారి చూపించడం అతని పనిలో చిన్న భాగం. ఇక చాలు, వెనక్కి పోదాం అని చెప్పడం పెద్ద భాగం. సెలవు పెట్టి, డబ్బు కట్టి, రెండు రోజులు రైల్లో వచ్చిన మనిషికి ఆ మాట చెప్పడానికి అనుభవంతోపాటు అధికారం కూడా కావాలి. ఏ పద్ధతి ఎంచుకున్నా, ఆ అధికారం గైడుకు ఉందా లేదా అని డబ్బు కట్టకముందే అడిగి తెలుసుకోవాలి.

శ్రమ వేరు, ఎత్తు వేరు

రాయలసీమ మనిషికి శ్రమ కొత్త కాదు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు ఎక్కినవాళ్లు ఇంటింటా ఉంటారు. ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహుడి దాకా, ఆపైన ఉగ్రస్తంభం దాకా వెళ్లివచ్చినవాళ్లకు రాళ్ల దారి, నిట్రం తెలుసు. కర్నూలు శివారు జగన్నాథగట్టు మీద వారానికి నాలుగు రోజులు వీపున ఆరేడు కిలోల సంచితో ఎక్కిదిగడం మంచి సాధన. రెండు నెలలు ఇలా చేస్తే కాళ్లు సిద్ధమవుతాయి, ముఖ్యంగా దిగేటప్పుడు మోకాళ్లు మొరాయించవు.

ఈ సాధనలో ఏదీ ఎత్తుకు సిద్ధం చేయదు. ఎత్తు జబ్బు సాధారణంగా 2,500 మీటర్ల పైన మొదలవుతుంది. హార్స్‌లీ కొండలు 1,265 మీటర్లు. తూర్పు కనుమల్లోని ఎత్తైన శిఖరాలు కూడా 1,700 మీటర్లకు లోపే. అంటే రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎక్కడ ఎక్కినా ఆ గీత దగ్గరికే చేరలేం. 3,800 మీటర్ల దగ్గర ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు 63 శాతమే. దేహం ఊపిరి వేగం పెంచి, రక్తంలో మార్పులు చేసుకుని దీనికి సర్దుకుంటుంది. దానికి రోజులు పడతాయి. కండబలం ఆ రోజులను తగ్గించదు. నిజానికి దిట్టమైన కుర్రవాళ్లు వేగంగా ఎక్కి ముందుగా మంచాన పడటం కొండల్లో తరచూ చూసేదే.

తలనొప్పి, వికారం, ఆకలి మందగించడం, నిద్ర పట్టకపోవడం తొలి గుర్తులు. కదలకుండా కూర్చున్నా ఆయాసం వస్తుంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అనుమానించాలి. నడక తూలుతూ, మాట తడబడుతుంటే మెదడులో వాపు వస్తోందని భావించాలి. ఈ రెండూ ప్రాణం తీస్తాయి. వెంటనే కిందికి దించడమే అసలు మందు. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర వాడకంపై రెండు అభిప్రాయాలు ఉన్నాయి. ముందు రోజు నుంచే 125 మిల్లీగ్రాముల చొప్పున రెండు పూటలా వేసుకోవచ్చని ఒక వర్గం అంటుంది. నిదానంగా ఎక్కే సులువైన ట్రెక్‌లో అందరికీ అక్కర్లేదని ఇంకొక వర్గం అంటుంది. సల్ఫా మందులు పడనివాళ్లు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు ఉంటారు కాబట్టి ఇది వైద్యుడితో తేల్చుకోవాల్సిన సంగతి. మాత్ర వేసుకున్నాం కదా అని ఒక రోజు కుదించడం మాత్రం ఏ వాదం ప్రకారమూ సరికాదు.

పర్వత వైద్యులు చెప్పే లెక్క తేలికైనది: 3,000 మీటర్ల పైన నిద్రించే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకొకసారి ఆగాలి. ఇక్కడ కీలకం నిద్రించే ఎత్తు. పగలు పైకి ఎక్కి రాత్రికి కిందికి దిగి పడుకుంటే ఒంటికి మేలు. ట్రెక్‌ల ప్రకటనల్లో శిఖరం ఎత్తు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. క్యాంపుల ఎత్తులు వెతుక్కోవాలి. కొత్తవాళ్లకు కావాల్సింది ఆ రెండో అంకెలే.

ఈ కొలతతో చూస్తే ఒక విడ్డూరం బయటపడుతుంది. కేదార్‌నాథ్ 3,583 మీటర్ల ఎత్తున ఉంది. గౌరీకుండ్ 2,000 మీటర్లకు అటూఇటూ. మన ఊళ్లనుంచి వెళ్లే అరవై ఏళ్ల పెద్దలు ఆ తేడాను ఒకే రోజులో నడిచి, లేదా గుర్రం మీద, లేదా హెలికాప్టర్‌లో నిమిషాల్లో దాటి, పైనే రాత్రి పడుకుంటారు. ట్రెక్కింగ్ అంటే భయపడి వద్దనే కుటుంబాలు ఈ యాత్రకు ఏ జాగ్రత్తా చెప్పకుండా సాగనంపుతాయి. చార్‌ధామ్ దారిలో గుండె, ఊపిరి సమస్యలతో ఏటా యాత్రికులు చనిపోతూనే ఉన్నారు. కొత్తవాళ్ల ట్రెక్‌కు చెప్పే ప్రతి జాగ్రత్తా ముందుగా ఈ యాత్రికులకు చేరాలి.

దారుల పోలిక

శీతకాలంలో అందరి నోటా వినిపించే పేరు కేదార్‌కంఠ. ఉత్తరకాశీ జిల్లా సాంక్రీ 1,950 మీటర్లు, శిఖరం దాదాపు 3,800. చాలా సంస్థల పట్టికల్లో బేస్ క్యాంపు 3,400 మీటర్ల దగ్గర, రెండో రాత్రికే. దారి స్పష్టంగా ఉంటుంది, ఎత్తు జబ్బు వస్తే గంటల్లో కిందికి దించవచ్చు. అందుకే సులువనే పేరు. కానీ జనవరిలో తెల్లవారుజామున మూడు గంటలకు సున్నా కింద పది డిగ్రీల చలిలో, బూట్లకు మైక్రోస్పైక్స్ తగిలించుకుని గట్టిపడ్డ మంచు మీద నిట్రం ఎక్కడం మంచు ఎన్నడూ తొక్కని మనిషికి సులువు కాదు. క్రిస్మస్, కొత్త సంవత్సరం రోజుల్లో ఆ దారిలో ఉండే రద్దీ ఇబ్బందిని ఇంకా పెంచుతుంది.

అదే సాంక్రీ వైపు నుంచి వెళ్లే హర్ కీ దూన్ 3,566 మీటర్ల లోయ. నది పక్కన, ఓస్లా లాంటి కట్టె ఇళ్ల ఊళ్ల మీదుగా దారి నెమ్మదిగా ఎత్తెక్కుతుంది. రోజులు ఎక్కువ పడతాయి, శిఖరం ఎక్కామన్న పేరు రాదు. కొత్తవాళ్లకు దీన్ని మించిన దారి తక్కువ అన్నది ఈ సమీక్ష అభిప్రాయం.

దేవరియాతాల్-చంద్రశిల దారిలో తాల్ దగ్గర 2,400, చోప్తా దగ్గర 2,700 మీటర్ల ప్రాంతంలో పడుకుని, తుంగనాథ్ ఆలయం మీదుగా చంద్రశిలకు ఎక్కి, అదే రోజు దిగిపోవచ్చు. నిద్రించే ఎత్తు లెక్కకు ఇది చక్కగా సరిపోతుంది. దర్శనమూ కలిసొస్తుంది కాబట్టి ఇంట్లో ఒప్పించడమూ తేలిక. ముస్సోరీ వైపు నాగ్ టిబ్బా 3,022 మీటర్లు, రెండు రోజుల పని. ఒళ్లు ఎలా స్పందిస్తుందో చూసుకోవడానికి సరిపోతుంది. సందక్‌ఫూ 3,636 మీటర్లు. రాత్రులు టెంటు బదులు లాడ్జీల్లో గడపవచ్చు, జీపు దారి ఉంది కాబట్టి నడవలేనివాళ్లను దించడం సులభం. ఆకాశం తేటగా ఉంటే ఎవరెస్టు, కాంచన్‌జంగా, లోత్సే, మకాలు నాలుగూ కనిపిస్తాయి. రాయలసీమ నుంచి రైలు ప్రయాణం మాత్రం సుదీర్ఘం.

పూల లోయలో రాత్రి బస నిషిద్ధం. దాదాపు 3,050 మీటర్ల ఘాంగ్రియాలో ఉండి పగలు వెళ్లిరావాలి. పూల కాలం వానల కాలమే. జులై, ఆగస్టుల్లో బదరీనాథ్ దారిలో కొండచరియలు విరిగిపడటం మామూలు కాబట్టి రెండు రోజులు అదనంగా చేతిలో ఉంచుకోవాలి. 4,270 మీటర్ల హంప్తా పాస్‌ను కొత్తవాళ్లకు అనువైనదని అమ్మడం సరైనది కాదు. అది రెండో ట్రెక్.

ఏ నెల

మంచు చూడాలన్న కోరికే కొత్తవాళ్లను డిసెంబరు, జనవరిలకు లాగుతోంది. ఆ కోరికను తప్పుపట్టలేం. కానీ సీమలోని బడుల సెలవులు, హిమాలయపు అనువైన కాలం కలిసే నెల మే. ఏప్రిల్ చివర, మే నెలల్లో ఎత్తైన చోట్ల మంచు మిగిలే ఉంటుంది, పగలు ఎక్కువ, చలి భరించదగ్గది. మధ్యాహ్నం తర్వాత ఉరుములు, వడగళ్లు వస్తాయి కాబట్టి పొద్దున్నే బయలుదేరి ఒంటిగంట లోపు క్యాంపు చేరాలి. వానలు వెనకపట్టాక సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు దాకా కొండలు తేటగా కనిపిస్తాయి. ఉద్యోగులకు దసరా సెలవులు కలిసొస్తాయి.

ఎండాకాలంలో వెళ్లేవాళ్లు ఒకటి గమనించాలి. 42 డిగ్రీల కర్నూలులో రైలెక్కి, మూడో రోజుకల్లా రాత్రి చలి సున్నాకు దగ్గరయ్యే చోట పడుకుంటారు. చలిలో దాహం తెలియదు. చెమట పట్టలేదని నీళ్లు తాగడం మానేస్తే తలనొప్పి వస్తుంది, అది ఎత్తు వల్లో నీళ్లు తక్కువై వచ్చిందో తెలియక గైడు తికమకపడతాడు. రోజుకు మూడు నాలుగు లీటర్లు తాగాలని చెప్పేది అందుకే.

దుర్ఘటనలు, కోర్టు తీర్పు

2024 జూన్ మొదటి వారంలో ఉత్తరాఖండ్ సహస్రతాల్ దారిలో మంచు తుపానులో చిక్కుకుని కర్ణాటకకు చెందిన తొమ్మిదిమంది చనిపోయారు. గైడ్లతో కలిపి ఇరవై రెండు మంది బృందం, అందులో నడక అనుభవం ఉన్నవాళ్లూ ఉన్నారు. కాలం కూడా అనువైనదే. పొరుగు రాష్ట్రపు ఈ విషాదం గైడు ఉంటే చాలన్న నమ్మకాన్ని కదిలించింది. సహస్రతాల్ 4,000 మీటర్లు దాటిన, తలదాచుకునే చోటు లేని దారి. పైన చెప్పిన తొలి ట్రెక్‌లతో దాన్ని కలపకూడదు. అయినా వాతావరణ సూచన చూసి ఒక రోజు ఆగే వెసులుబాటు పట్టికలో ఉందా అన్న ప్రశ్న అన్నిటికీ వర్తిస్తుంది. తిరుగు రైలు టికెట్టు తేదీ ఆ వెసులుబాటును మింగేస్తుంది. కాబట్టి టికెట్టు కొనేటప్పుడే ఒక ఖాళీ రోజు ఉంచుకోవాలి.

2018 ఆగస్టులో ఉత్తరాఖండ్ హైకోర్టు బుగ్యాళ్లలో, అంటే ఎత్తైన పచ్చిక మైదానాల్లో, రాత్రి బసను నిషేధించింది, రోజుకు 200 మందికి మించి పర్యాటకులను అనుమతించవద్దంది. రూప్‌కుండ్ దారి ప్రధానంగా దెబ్బతింది. టెంట్లు అడవి అంచులకు దిగాయి. దీన్ని ట్రెక్కింగ్ మీద దెబ్బ అన్నవాళ్లున్నారు. గడ్డినేలలు నలిగి, ప్లాస్టిక్ పోగుపడటం కళ్లారా చూసిన గ్రామస్థులు, పర్యావరణవేత్తలు తీర్పును సమర్థించారు. గైడు, కంచరగాడిదల కూలి మీద బతికే కుటుంబాల గోడు ఇంకొక వైపు. కొత్తవాళ్లకు దీనివల్ల అనుకోని మేలు జరిగింది: క్యాంపులు కిందికి దిగాయి, అంటే నిద్రించే ఎత్తు తగ్గింది.

ఇంకా తేలనివి

ఎంబీబీఎస్ వైద్యుడు సంతకం పెట్టిన ఫిట్‌నెస్ కాగితం చాలా సంస్థలు అడుగుతాయి. కర్నూలులోనో కడపలోనో ఎత్తు జబ్బు కేసు ఎన్నడూ చూడని వైద్యుడు రక్తపోటు చూసి సంతకం పెడతాడు. యాభై దాటినవాళ్లకు, చక్కెర జబ్బు ఉన్నవాళ్లకు ఏయే పరీక్షలు చేయించాలన్న దానిపై ఒక్కో సంస్థది ఒక్కో పద్ధతి. పిల్లలను ఏ వయసు నుంచి తీసుకెళ్లవచ్చన్న దానిపైనా ఏకాభిప్రాయం లేదు. తలనొప్పి వచ్చిందని చెప్పలేని పసివాళ్లను 3,000 మీటర్ల పైన పడుకోబెట్టడం ప్రమాదమన్న వైద్యుల మాటకే ఎక్కువ బరువు ఇవ్వాలి.

గైడు అర్హతల సంగతి ఇంకా చిక్కుగా ఉంది. ప్రభుత్వ సంస్థలో 28 రోజుల ప్రాథమిక పర్వతారోహణ కోర్సు చేసినవాడు, ఇరవై ఏళ్లుగా ఆ దారిలో నడుస్తున్న గ్రామస్థుడు, ఇద్దరిలో ఎవరు మేలన్న వాదనకు అంతు లేదు. పెద్ద సంస్థలు ఇద్దరినీ కలిపి పంపుతాయి. చిన్న బృందానికి అది భారం.

అన్నిటికన్నా తక్కువ చర్చకు వచ్చేది మనుషుల లెక్క. పదిహేనుమంది బృందంలో రెండో క్యాంపు దగ్గర ఒకరికి వాంతులు మొదలైతే, రాత్రిపూట వాళ్లను కిందికి దించడానికి కనీసం ఒక గైడు, ఒక సహాయకుడు కావాలి. మిగిలిన పద్నాలుగు మందితో ఎవరుంటారు? ఎన్ని క్యాంపుల ఎత్తులు అచ్చు వేసినా, ఈ ప్రశ్నకు జవాబు రాసిపెట్టే నిర్వాహకులు కొద్దిమందే. బుక్ చేసుకునేముందు ఫోను చేసి అడిగితే, వాళ్లిచ్చే జవాబును బట్టే ఆ సంస్థ ఏపాటిదో చాలావరకు తెలిసిపోతుంది.